ముప్పై ఎక్కడికి పోయింది

బడి లోపల తొడుక్కోమని ఇచ్చిన చెప్పులు
నాకు ఒక సైజు చిన్నవి.
మడమలు బయటికి వేలాడేసుకుని
ఐదో తరగతి వెనక గోడకి ఆనుకున్నాను.
అకితా కొండల్లో ఫిబ్రవరి.
కిటికీకి సగం దాకా మంచు.
గదిలో పిల్లలు పదకొండు మంది,
వాళ్ళని చూడ్డానికి వచ్చిన పంతుళ్ళం పద్నాలుగు మందిమి.

షరతు ఒక్కటే:
చూడొచ్చు, రాసుకోవచ్చు,
పెదవి విప్పకూడదు.
నా వంతుకి మిజుహో వచ్చింది,
పెన్సిలు కన్నా రబ్బరు ఎక్కువ అరగదీసే పిల్ల.

నకాయాచి టీచరు బోర్డు మీద
పక్కకి ఒరిగిన పెట్టె ఒకటి గీసింది.
అడుగు ఆరు, ఏటవాలు అంచు ఐదు.
"దీని లోపల ఎంత చోటుంది?"
అంతే. సుద్దముక్క కింద పెట్టేసింది.
సూత్రం చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో
ఆమె చేతులు వెనక్కి కట్టుకున్న తీరే చెబుతోంది.

మిజుహో రాసింది: ఆరైదులు ముప్పై.
పక్కవాడి కాగితం కేసి చూసింది. చెరిపింది.
మళ్ళీ ముప్పై. మళ్ళీ చెరిపింది.
కాగితం అక్కడ పలచబడి
ఎండలో చెవి తమ్మెలా వెలుతురు దిగింది.
నా నోట్సులో:
10.52, ముప్పై. 10.54, ముప్పై. 10.57, ఖాళీ.

నాలుక కింద జవాబు
ఉప్పుకల్లులా చురచురమంటోంది.
"నిలువు గీత ఒకటి గియ్యి తల్లీ" అనడానికి
రెండు క్షణాలు చాలు.
రెండు కొండల అవతల నా బళ్ళో
ఇన్నేళ్ళూ నేను చేసింది ఆ రెండు క్షణాల పనే.
ఒకసారి ఎవరో కుర్రాడు బోర్డు మీద రాసిన తప్పుని
తడిగుడ్డతో తుడిచాను,
నిగనిగలాడేలా.
వాడి పేరు ఎంతకీ గుర్తు రావట్లేదు.

టీచరు మోకాలి మీద కూచుని పుస్తకం చూసింది.
బాగుంది అనలేదు, తప్పు అనలేదు.
"దీన్ని అందరికీ చూపించనా?"
బోర్డుకి ఎడం పక్క, పైన, పేరుతో సహా పెట్టింది:
మిజుహో, ముప్పై.
గంట కొట్టేదాకా అక్కడ ఏదీ చెరపరు.
తప్పు కూడా పంక్తిలో విస్తరేసిన చుట్టంలా
ఒప్పు పక్కనే కూచుంటుంది.

తోమొహరు వచ్చి ఒక చివర ముక్క కత్తిరించి
రెండో చివర అతికించాడు.
పెట్టె నిటారుగా నిలబడింది. ఆరు నాలుగులు ఇరవై నాలుగు.
గదంతా "ఓహో" అంది.
నేను నోట్సు మూసేశాను, పాఠం అయిపోయిందనుకుని.

మిజుహో ఓహో అనలేదు.
డెస్కు కింద ఏదో చేస్తోంది.
నిన్నటి పాల డబ్బాల స్ట్రాలు, నాలుగు,
మూలల్లో గుండుసూదులు.
చట్రాన్ని నిలబెట్టింది. వేలితో నెట్టింది.
ఒరిగింది. ఇంకాస్త. ఇంకాస్త.
చివరికి స్ట్రాలన్నీ ఒకదానిమీదొకటి పడుకున్నాయి,
లోపల చీమ దూరే సందు లేదు.

చెయ్యెత్తడం మర్చిపోయి లేచింది.
"అంచులు అవే టీచర్! ఆరు, ఐదు.
మరి నా ముప్పై ఎక్కడికి పోయింది?"

ఎవరూ నవ్వలేదు.
కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ మూత టకటకలాడింది.
తోమొహరు తన ఇరవై నాలుగు వంక
మొదటిసారి అనుమానంగా చూశాడు.

సాయంత్రం మీటింగులో
ప్రణాళిక గురించి, సమయం చాలకపోవడం గురించి
చాలా మాట్లాడారు.
నా వంతు వస్తే గడియారం చదివాను:
10.57, ఖాళీ. 11.16, స్ట్రాలు.
"మధ్యలో ఆ పంతొమ్మిది నిమిషాలు ఏం జరిగింది?"
కొత్తగా చేరిన పంతులు అడిగాడు, పెన్ను సిద్ధంగా పట్టుకుని.
"తెలీదు," అన్నాను.
"రబ్బరు కింద పెట్టింది. అంతే చూశాను."

బస్టాపులో మంచు పడుతోంది.
చేతి తొడుగులు తీసేసి
బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి చట్రం కట్టాను,
మెల్లగా ఒరగనిచ్చాను.
బస్సు ఇంకా రాలేదు.
మళ్ళీ నిలబెట్టాను.